అంచు కలవని మొన

బుధవారం పొద్దున జాగ్రత్తక్క స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఆమె కుళాయి కట్టేయలేదు. ఒంటి మీద బట్ట తీయలేదు. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిలబడిపోయింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి, తన ఇంట్లో తన స్నానాలగదిలో బట్టలు విప్పుకోవడానికి సిగ్గుపడింది. కిటికీ మూసే ఉంది, దాని మీద తెర కూడా ఉంది. కానీ ఇప్పుడు తనను చూస్తున్నవాడికి కిటికీతో పనిలేదని ఆమెకు తెలుసు.

"ఏమే, నీళ్ళు వంటింట్లోకి వచ్చేస్తున్నాయి! లోపల ఈత కొడుతున్నావా ఏంటి?" అని బయటి నుంచి భర్త కేకేశాడు.

"వస్తున్నానండీ" అంది. నాలుగు చెంబులు బట్టల మీదే పోసుకుని బయటపడింది.

జాగ్రత్తక్క అన్నది ఆమె పేరు కాదు. కుట్టు ఫ్యాక్టరీలో రెండో లైను ఆడవాళ్ళు పెట్టిన పేరు. ఎవరైనా మెట్లు దిగుతుంటే "జాగ్రత్త" అంటుంది. మంచినీళ్ళు తాగుతుంటే "జాగ్రత్త, పొలమారుతుంది" అంటుంది. ఒకసారి కాలర్లు కుట్టే పిల్ల తుమ్మితే "జాగ్రత్త" అంది. ఆ రోజు నుంచి పేరు స్థిరపడిపోయింది. భర్త బడి పిల్లల వ్యాను తోలుతాడు. అతను రావడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె మనసులోనే ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరు కాళ్ళా వేళ్ళా పడి, ఏడ్చి, మొహం కడుక్కుని తిరిగి వచ్చేసేది. అప్పటికి అతను గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండేవాడు.

ఆమె భయాలన్నిటిలోకీ పెద్ద భయం కూతురు. పిల్ల బడి నుంచి మూడున్నరకు వస్తుంది. జాగ్రత్తక్క వచ్చేసరికి అయిదున్నర. వాళ్ళాయన వ్యాను పని అయ్యేసరికి ఆరు. ఆ రెండు గంటలూ పిల్ల ఇంట్లో ఒక్కతే. కాపలా పెట్టుకోవడానికి ఎవరూ లేక ఆమె దేవుణ్ణి పెట్టుకుంది. "స్టవ్ ముట్టుకోకు, దేవుడు చూస్తున్నాడు. ఎవరొచ్చి తలుపు కొట్టినా తీయకు, దేవుడు చూస్తున్నాడు. స్టూలు ఎక్కకు, కిటికీలోంచి వంగకు, దేవుడు చూస్తున్నాడు." రోజూ పొద్దున జడ వేస్తూ వేస్తూ, దువ్వెనతో పాటు ఈ మాటలు కూడా పిల్ల తలలోకి దించేది. పిల్ల బుద్ధిగా తలూపేది. అలా తలూపినందుకు జడ వంకర పోయేది.

అసలు సంగతి జరిగింది మంగళవారం.

ఆ ఫ్యాక్టరీలో పసిపిల్లల జుబ్బాలు కుడతారు. చంటిబిడ్డ ఒంటికి తగిలే బట్ట కనుక అక్కడ సూది విషయంలో మహా పట్టింపు. మిషను సూది విరిగితే కొత్త సూది ఊరికే ఇవ్వరు. విరిగిన ముక్కలన్నీ ఏరి పట్టుకెళ్ళాలి. హాలు చివర అద్దాల బీరువా పక్కన సూదుల పెద్దమ్మ కూర్చుని ఉంటుంది. ఆమె ఆ ముక్కల్ని తెల్లకాగితం మీద పేర్చి, నిండు సూది అయిందని చూసుకుని, టేపు వేసి పుస్తకంలో అంటిస్తుంది. పక్కన తేదీ, మిషను నంబరు వేయించి సంతకం పెట్టిస్తుంది. అప్పుడు కొత్త సూది. ఒక్క ముక్క తక్కువైనా లైను ఆగుతుంది. ముక్క దొరికేదాకా ఎవరూ కదలకూడదు. ఇనుమును పసిగట్టే యంత్రం ఒకటి ఉంది కానీ ఈ జుబ్బాలకు భుజం మీద ఇనుప టిచ్ బటన్లు. యంత్రం ప్రతి జుబ్బాకూ గోల పెడుతుంది. విసుగెత్తి దాని మీద ఖాళీ సంచులు పెట్టేశారు. ఇక మిగిలింది పెద్దమ్మ కళ్ళు, ఆ పుస్తకం.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు మెడపట్టీ కుడుతుండగా, భుజం కుట్టు దగ్గర బట్ట దళసరిగా ఉన్న చోట టక్కుమని సూది విరిగింది. పై ముక్క మిషనుకే ఉండిపోయింది. మొన ఎగిరిపోయింది. నువ్వుగింజకన్నా కాస్త పొడుగు, అంతే.

ఆమె అయస్కాంతం ముక్క తీసుకుని ఒళ్ళో, మిషను పళ్ళెంలో, కాళ్ళ కింద అంతా వెతికింది. దారప్పోగులు, పాత బటన్ ఒకటి, ఇంకేమీ లేవు. పక్కన కుట్టేసిన జుబ్బాల కట్ట. అందులో ఉండొచ్చు. ఉండకపోవచ్చు.

గడియారం వైపు చూసింది. మూడింటికి బయలుదేరడానికి పర్మిషన్ తీసుకుంది. పిల్ల బడిలో కార్యక్రమం. పిల్ల మేఘం వేషం వేస్తోంది. రెండు వారాలుగా ఇంట్లో అదే పాట. ఇప్పుడు చెయ్యెత్తి "మొన కనబడటం లేదు" అంటే లైను ఆగిపోతుంది. నలభైమంది ఆడవాళ్ళు తిరిగి చూస్తారు.

ఆ తిరిగి చూడటం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కిందటేడు ఇదే లైనులో కుట్టే పొడుగక్క సూది మొన దొరకలేదు. పాపం, ఏడుస్తూనే నిజం చెప్పింది. లైనంతా సాయంత్రం ఏడు దాకా కూర్చుని కుట్లు విప్పారు. చివరికి అది నేల పగుల్లో దొరికింది. ఆ తరువాత నెల్లాళ్ళు భోజనాల దగ్గర పొడుగక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. జాగ్రత్తక్క కూడా కూర్చోలేదు. కూర్చుంటే తననూ అలాగే చూస్తారేమోనని భయపడింది. నెల తిరిగేసరికి పొడుగక్క పని మానేసింది.

అది జరిగిన వారానికే ఇంట్లో ఉన్న పాత మిషను సూది విరిగింది. అదే సైజు సూది. జాగ్రత్తక్క ఆ మొనను పారేయలేదు. ఎందుకైనా మంచిదని చిన్న కాగితంలో చుట్టి తెచ్చి, ఫ్యాక్టరీలో తన మిషను బల్ల అడుగున టేపుతో అంటించి పెట్టుకుంది. ఎందుకు అని తనను తాను అడగలేదు. ఎందుకైనా మంచిదని, అంతే.

మంగళవారం రెండున్నర దాటి పది నిమిషాలకు ఆమె వేళ్ళు బల్ల అడుగుకు వెళ్ళాయి.

"పెద్దమ్మా, సూది" అంది, పై ముక్కా మొనా అరచేతిలో పెట్టుకుని.

పెద్దమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. ముక్కల్ని కాగితం మీద పేర్చింది. కాసేపు చూసింది. ఎంతసేపంటే, జాగ్రత్తక్క నోట్లో తడి ఆరిపోయేంతసేపు. ఆ తరువాత టేపు తుంచి అంటించింది.

"పిల్ల ఏం వేషం అన్నావు?"

"మేఘం, పెద్దమ్మా."

"జల్లు కురిపిస్తుందన్నమాట. సంతకం పెట్టు, వెళ్ళు."

బడికి సమయానికే చేరింది. భర్త ముందే వచ్చి రెండో వరుసలో చోటు పట్టాడు. పిల్ల ఒళ్ళంతా దూది అంటించుకుని వేదిక మీదికి వచ్చింది. నడుస్తుంటే దూది రాలుతోంది. జనం నవ్వుతున్నారు. జాగ్రత్తక్క కూడా నవ్వబోయింది. అంతలో పిల్ల మెడ దగ్గర ఏదో తళుక్కుమంది. గుండుసూది. దూది ఊడకుండా టీచరు గుండుసూదులు గుచ్చినట్టుంది. ఒకటి వంగి మొన లోపలి వైపు తిరిగి ఉంది.

"ఆగండి!" అంటూ లేచింది. ఎవరి కాళ్ళు తొక్కిందో తెలియదు. వేదిక ఎక్కేసింది. సూర్యుడి వేషం వేసిన పిల్లాడు ఝడుసుకుని పక్కకు తప్పుకున్నాడు. పిల్ల మెడ దగ్గర గుండుసూది పీకి, గుప్పెట్లో పట్టుకుని, అప్పుడు చుట్టూ చూసింది. హాలంతా గొల్లుమంది. టీచరు మొహం కందగడ్డలా అయింది. కింద వాళ్ళాయన తల పట్టుకున్నాడు.

"అమ్మా, దిగు. నా మాట ఇంకా అవ్వలేదు" అని మేఘం గుసగుసలాడింది.

వేదిక దిగుతుంటే గుప్పెట్లో సూది గుచ్చుకుంది. అప్పుడు తట్టింది ఆమెకు. తన బిడ్డ మెడ కోసం వందమంది ముందు వేదిక ఎక్కింది. ఎవరో ఒక తల్లి, ఎక్కడో, బిడ్డకు స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, కొత్త జుబ్బా తల మీద నుంచి తొడుగుతుంది. ఆ మెడపట్టీలో ఏముందో ఆ తల్లికి తెలియదు. తనకు తెలుసు. తనకూ, ఇంకొకరికీ తెలుసు.

వచ్చి కుర్చీలో కూర్చుంది. పిల్ల మాట చెప్పడం, జనం చప్పట్లు కొట్టడం ఏవీ ఆమెకు వినబడలేదు.

ఆ బుధవారం స్నానాలగది సంగతి అందుకే.

ఫ్యాక్టరీలో రోజూ మిషను ఎక్కేముందు దాని మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని "దేవుడా, నువ్వే చూసుకో" అనడం ఆమెకు అలవాటు. పదకొండేళ్ళుగా అంటోంది. బుధవారం చెయ్యి వేసింది కానీ కళ్ళు మూతపడలేదు. "నువ్వే చూసుకో" అన్న మాట గొంతులో ముల్లులా అడ్డంపడింది. ఆయన చూడనే చూశాడు. మంగళవారం ఒక్కటే కాదు. ఇంట్లో విరిగిన మొనను కాగితంలో చుట్టిన రోజు చూశాడు. బల్ల కింద టేపు అంటిస్తూ అటూ ఇటూ చూసి ఎవరూ చూడటం లేదనుకున్న క్షణం కూడా చూశాడు. గాభరాలో తప్పు చేశాననుకోవడానికి కూడా ఆమెకు వీలు లేకుండా పోయింది. ఏడాది ముందే సిద్ధం చేసి పెట్టుకున్న అబద్ధం అది.

భోజనాల దగ్గర కాలర్ల పిల్ల ఆమెను మోచేత్తో పొడిచింది.

"ఏంటక్కా, పొద్దున్నుంచి ఒక్క జాగ్రత్త కూడా రాలేదు? నేను రెండుసార్లు మెట్ల మీద పరిగెత్తాను కూడా, నీకు వినబడాలని."

"తలనొప్పి" అంది జాగ్రత్తక్క.

"అమ్మో, నీకు తలనొప్పా! మాకైతే ఈపాటికి ఆరు జబ్బుల పేర్లు చెప్పి పంపేదానివి."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో చోటు తనది కాదనిపించింది. వీళ్ళు నవ్వుతున్నది తనతో కాదు, తను అని వాళ్ళు అనుకుంటున్న ఇంకెవరితోనో.

గురువారం అరగంట ముందే వెళ్ళింది. ఎవరూ రాకముందు ఆ కట్ట వెతికి, ఒక్కో జుబ్బా మెడ తడిమి, మొన దొరికితే చడీచప్పుడూ లేకుండా తీసేద్దామని ఆశ. కానీ కట్టలు బటన్ల విభాగానికి వెళ్ళిపోయాయి. అక్కడ కలిపేసి, ఇస్త్రీ చేసి, పెట్టెల్లో సర్దేశారు. రెండువందల నలభై జుబ్బాలు. పన్నెండు పెట్టెలు. వాటి మీద చీటీలు కూడా పడ్డాయి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి లారీ వస్తుంది.

పెట్టెల ముందు నిలబడి దేవుడితో బేరం మొదలుపెట్టింది. నేలలో పడి ఉండేలా చూడు. చెత్తలో ఊడ్చుకుపోయి ఉండేలా చూడు. ఏ బిడ్డకూ ఏమీ కాకుండా చూడు, నేను ఇంకెప్పుడూ... అక్కడికి వచ్చి నాలుక కరుచుకుంది. తనేం అడుగుతోంది? చూసినవాణ్ణే తన తప్పు కప్పిపెట్టమని అడుగుతోంది. తన దొంగతనానికి ఆయన్ని కాపలా నిలబడమంటోంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పిల్ల గదిలో కనబడలేదు. చూస్తే బీరువా తలుపు తెరిచి, ఆ తలుపుకూ గోడకూ మధ్య ఇరుకులో నిలబడి, బడి గౌను విప్పి ఇంటి గౌను వేసుకుంటోంది.

"అక్కడేం చేస్తున్నావే? ఊపిరాడుతుందా నీకు?"

"దేవుడు చూస్తున్నాడు కదమ్మా. ఇక్కడైతే కొంచెమే కనబడుతుంది" అంది పిల్ల, మెడ ఇరుక్కున్న గౌనులోంచి.

జాగ్రత్తక్క నిర్ఘాంతపోయింది. గౌను కిందికి లాగి పిల్లను మంచం మీద కూర్చోబెట్టింది. పిల్లకు మాటలు మొదలయ్యాయి.

"అమ్మా, నువ్వు వచ్చాక దేవుడు ఎక్కడికి వెళ్తాడు?"

"ఎక్కడికీ వెళ్ళడు. ఏం?"

"మరి నువ్వు మిషన్ దగ్గర ఉన్నప్పుడు ఆయన ఇక్కడ నన్ను చూస్తుంటాడు కదా. అప్పుడు నిన్నెవరు చూస్తారు?"

జాగ్రత్తక్క పిల్ల జడ రిబ్బను విప్పసాగింది.

"నువ్వు పెద్దదానివి కదా, నిన్ను చూడక్కర్లేదులే" అని పిల్లే తేల్చేసింది. "నువ్వు ఏమీ తప్పు చెయ్యవు."

రిబ్బను ముడి వేళ్ళకు చిక్కడం లేదు. ఈ పిల్ల గుండెలో అంత పెద్ద చూపును తెచ్చి నాటింది తనే. ఆ చూపు పిల్లను బీరువా వెనక్కి తోసింది. తను మాత్రం ఇన్నాళ్ళూ హాయిగా మనుషుల చూపులకే భయపడుతూ బతికేసింది.

శుక్రవారం పొద్దున మిషను దగ్గరికి వెళ్ళకుండా నేరుగా అద్దాల బీరువా దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా, మంగళవారం ఇచ్చిన మొన ఆ సూదిది కాదు."

పెద్దమ్మ ఉలిక్కిపడలేదు. కళ్ళద్దాలు తీసి ఏప్రన్ అంచుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"తెలుసు" అంది.

జాగ్రత్తక్క తల ఎత్తింది. "తెలుసా?"

"అంచు కలవలేదే. పై ముక్క ఏటవాలుగా విరిగింది. నీ మొన తిన్నగా ఉంది. టేపు వేసేముందే చూశాను."

"మరి... అడగలేదేం?"

"నువ్వు కదా అని. వేరే ఎవరైనా అయితే వెనక్కి పంపేదాన్ని. జాగ్రత్తక్క అబద్ధమాడటమేంటి, నా కళ్ళే మసకబారి ఉంటాయి అనుకున్నాను." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "అలా అనుకుంటే పని సులువైపోతుందని అనుకున్నాను."

చెంపదెబ్బ తిన్నా అంత మంట పుట్టేది కాదు జాగ్రత్తక్కకు. తను మొహం మీద పెట్టుకు తిరిగిన మంచిపేరే ఆ మొనను దాటించింది.

పెద్దమ్మ బీరువా తాళం చెవిని గుప్పెట్లో తిప్పుతోంది. "ఇటు చూడు. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. వెళ్ళి మిషను ఎక్కు. ఇరవై రెండేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాను. ఇంకో రెండేళ్ళు కూర్చోనీ, తల్లీ. ఇప్పుడు నోరు విప్పితే నువ్వూ పోతావు, నేనూ పోతాను. అది నేలలోనే పడి ఉంటుంది, పొడుగుదానిది దొరకలేదూ?"

జాగ్రత్తక్క వెళ్ళింది. మిషను ఎక్కింది. పెడలు మీద కాలు పెట్టింది. ఎంత సుఖంగా ఉందో ఆ మాట వినడం! ముందుగా చెప్పాల్సినవాళ్ళకు చెప్పేశాను, పెద్దావిడే వద్దంది, ఇంకేం చేయగలను? ఇలా అనుకుంటూ బట్టను మిషను పాదం కిందికి జరిపింది. నాలుగు అంగుళాలు కుట్టింది కూడా.

ఆ నాలుగు అంగుళాల దగ్గర కాలు ఆగిపోయింది. ఇది కూడా చూస్తున్నాడు. పెద్దమ్మ వెనక దాక్కోవడం కూడా. బీరువా తలుపు వెనక తన పిల్ల నిలబడ్డట్టే.

లేచింది. హాలు మధ్యలో సూపర్‌వైజర్ సారు చేతిలో అట్ట పట్టుకుని తిరుగుతున్నాడు.

"సార్, మంగళవారం నా సూది మొన పోయింది. దొరకలేదు. ఇంట్లోంచి తెచ్చి పెట్టుకున్న వేరే మొన ఇచ్చాను. పోయిన మొన ఆ పెట్టెల్లో ఉండొచ్చు."

మిషన్ల రొదలో అతనికి సగమే వినబడింది. "ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పింది. ఆ గట్టితనానికి పక్క మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి వాటి పక్కవి ఆగాయి. నలభై తలలు తిరిగాయి. ఏ చూపుకు భయపడి ఇదంతా చేసిందో ఆ చూపు ఇప్పుడు నిండుగా ఆమె మీద పడింది. మొహం ఎత్తలేకపోయింది.

"సూదుల పుస్తకంలో సరిగ్గానే ఉందిగా? నేను చూశాను" అన్నాడు సారు.

"సరిగ్గా లేదు." వెనక నుంచి పెద్దమ్మ గొంతు. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి, రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుని వచ్చింది. "అంచు కలవలేదు సార్. చూసి కూడా అంటించాను."

సారు మొహం ఎర్రబడింది, తరువాత పాలిపోయింది. లారీవాళ్ళకు ఫోన్ చేసి రేపు రమ్మన్నాడు. పెట్టెలు వెనక్కి తెచ్చి విప్పించాడు. ఒక్కొక్కరికీ ఆరేసి జుబ్బాలు పంచాడు. మెడపట్టీ కుట్లు విప్పి, వేళ్ళతో తడిమి, అయస్కాంతం తిప్పి చూడాలి. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు కానీ ఆమెకు వినబడేలా అందరూ మాట్లాడారు.

"రోజూ మనకు జాగ్రత్త, జాగ్రత్త అని పాఠాలు. ఇంట్లోంచి తెచ్చి పెట్టుకుందట! ఎంత జాగ్రత్తో చూశావా?"

"నేను ఈ పూట మా అత్తను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంకేం వెళ్తాను."

"ఆ పొడుగుదాన్ని ఎంత ఆడిపోసుకున్నామే! దొరకలేదు మొర్రో అని నిజమైనా చెప్పింది అది."

ఈ చివరి మాటకు అందరూ చేతుల్లోని కుట్ల వైపే చూశారు. జాగ్రత్తక్క తల ఇంకా కిందికి దించుకుంది. పొడుగక్క ఇల్లు ఎక్కడో ఆమెకు తెలుసు. బస్సులో నాలుగు స్టాపులు. ఏడాదిగా ఒక్కసారీ దిగలేదు.

భోజనాల వేళ దాటింది. మూడు గంటలైంది. రెండువందలు దాటాయి. ఏమీ దొరకలేదు. నేలలోనే పడి ఉంటుందిలే అన్న ఆశ ఆమెలో తల ఎత్తబోయింది.

"అబ్బా!"

కాలర్ల పిల్ల చెయ్యి విదిలించింది. చూపుడు వేలి మీద ఎర్రటి చుక్క. ఒళ్ళో జుబ్బా. వెనక మెడపట్టీ మడతలో, సరిగ్గా బిడ్డ మెడ ఆనే చోట, మొన పైకి నిక్కి ఉంది. ముల్లులా.

ఎవరూ కేకలు వేయలేదు. అప్పటిదాకా సణుగుతున్నవాళ్ళు కూడా నోళ్ళు మూసుకుని ఆ జుబ్బా వంక చూశారు. మళ్ళీ వేలు చప్పరిస్తున్న కాలర్ల పిల్ల వంక చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. పెద్దమ్మ ఆ మొనను తీసి, పుస్తకంలో పై ముక్క పక్కన పెట్టింది. ఏటవాలు అంచు, ఏటవాలు అంచు. వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసింది.

"అక్కా" అంది కాలర్ల పిల్ల మెల్లగా. "మా అక్కకు నెల కిందటే బిడ్డ పుట్టింది. ఇవే జుబ్బాలు రెండు ఇద్దామనుకున్నాను." ఇంకేమీ అనలేదు. తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది.

సాయంత్రం సారు పిలిచి, సోమవారం నుంచి మిషను ఎక్కొద్దని, మేనేజరుగారు ఏదో ఒకటి తేల్చి చెప్పేదాకా దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోమని చెప్పాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తన చేతిలో లేదన్నాడు. పెద్దమ్మ దగ్గర బీరువా తాళం చెవి తీసుకున్నాడు. చెవి ఇవ్వడానికి పెద్దమ్మకు కాస్త సమయం పట్టింది. ఇరవై రెండేళ్ళుగా అది ఆమె నడుముకు తాడుతో కట్టి ఉంది. ముడి రాలేదు. చివరికి జాగ్రత్తక్కే వంగి విప్పింది.

గేటు దగ్గర ఇద్దరే మిగిలారు.

"నన్ను క్షమించు పెద్దమ్మా. నీ కుర్చీ పోగొట్టాను."

"నన్నడక్కు" అంది పెద్దమ్మ. కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. "ఇదే మొదటిసారి అని సారుతో చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కాదే. మొహాలు చూసి అంటించినవి ఇంకా ఉన్నాయి. ఎన్నో నాకే గుర్తు లేదు. గుర్తున్నవాడు ఒకడు ఉన్నాడుగా." బస్సు వచ్చింది. "జాగ్రత్తగా వెళ్ళు" అంది. అలవాటుగా వచ్చిన ఆ మాటకు ఇద్దరూ తలలు తిప్పుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల బల్ల దగ్గర కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. జాగ్రత్తక్క చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వాళ్ళాయనకు ఎలాగూ చెప్పాలి కానీ పిల్లకు చెప్పాల్సిన పని లేదు. అమ్మ ఏమీ తప్పు చెయ్యదని నమ్మే మనిషి లోకంలో ఇంకొకరు లేరు. ఆ ఒక్కటీ మిగుల్చుకుంటే ఏం పోయింది?

"మంగళవారం అమ్మ ఒక అబద్ధం ఆడింది" అంది.

పిల్ల రంగు పెన్సిలు ఆపింది. చిన్న మాటల్లో అంతా చెప్పింది. సూది సంగతి, దాచిన మొన సంగతి, జుబ్బా సంగతి. కాలర్ల పిల్ల వేలి మీది రక్తం సంగతి కూడా చెప్పింది.

పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వింది. "దేవుడు నిన్ను కూడా చూశాడా?"

"చూశాడు."

"కొట్టాడా?"

"లేదు."

"అరిచాడా?"

"లేదు. ఎవరికీ చెప్పను కూడా చెప్పలేదు."

"మరేం చేశాడు?"

జాగ్రత్తక్క ఆలోచించింది. మంగళవారం నుంచి ఆ చూపు కింద తను పడ్డ సిగ్గంతా ఇంకా ఒంటి మీదే ఉంది. తగ్గలేదు. సోమవారం దారాల బల్ల దగ్గర ఇంకా పెరుగుతుంది. కానీ మూడు రోజులు ఆయన మొహం తిప్పుకుని వెళ్ళిపోలేదు.

"కూర్చున్నాడు" అంది. "నేనే చెబుతానేమోనని చూస్తూ కూర్చున్నాడు."

పిల్ల కాసేపు పెన్సిలు కొన కొరికింది. తరువాత కుర్చీ దిగి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తల్లి మోకాలికి ఆనుకుని నిలబడింది.

"అయితే నేను కూడా ఒకటి చెప్పనా?"

జాగ్రత్తక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. స్టవ్ ముట్టించిందా? తలుపు తీసిందా? ఎవరొచ్చారు? కిటికీ ఎక్కిందా? అడగబోయిన నాలుగు ప్రశ్నలూ పెదవుల దాకా వచ్చాయి. పెదవులు బిగించుకుంది. పిల్ల జడ వెనక్కి వేసి, రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు" అంది.

పిల్ల నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ నేల వైపు చూసింది. జాగ్రత్తక్క కదలకుండా కూర్చుంది.